నీ వ్యాసంలో ఫార్మలిన్ ఏదమ్మా?

చిరంజీవి రచయిత్రికి ఆశీస్సులు.

ధనుర్వాతం టీకా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మీ నాయనమ్మ తొలిచూలు బిడ్డ గురించి రాసిన పేరా బాగుంది. కొడవలితో బొడ్డు కోశారనీ, అయిదు రోజులు చక్కగా పాలు తాగిన పిల్లాడు ఆరో రోజు దవడలు బిగుసుకుపోయి రొమ్ము పట్టలేకపోయాడనీ రాశావు. అందులో ఒక్క అక్షరం కూడా ముట్టుకోకు.

ఆ వెంటనే వచ్చిన వాక్యం చూసి మాత్రం కోపమొచ్చింది. "టీటీ అంటే ధనుర్వాతం విషాన్ని కొద్ది మోతాదులో ఎక్కించి ఒంటికి అలవాటు చెయ్యడం" అన్నావు. ఎక్కడ విన్నావమ్మా ఈ మాట? ఆ విషం మనిషిని చంపడానికి ఎంత చాలో, ఒంట్లో రక్షణ పుట్టడానికి అంత చాలదు. అందుకే ధనుర్వాతం వచ్చి బతికి బయటపడ్డవాళ్లకి కూడా మళ్లీ టీకా వెయ్యాల్సి వస్తుంది. నీ వ్యాసం చదివిన ఏ అత్తగారో "కడుపుతో ఉన్న మా కోడలికి విషం ఎక్కిస్తారా?" అని అడ్డం తిరిగితే, ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎం ఏం జవాబు చెప్పుకుంటుంది?

నేను మొదటి నుంచీ పట్టుకుని ఉన్న సంగతి ఒకటుంది. శాస్త్రానికి సంబంధించిన మాట వచ్చినప్పుడు నిర్వచనం రాసి ఊరుకోకూడదు, ఆ వస్తువు ఎలా తయారవుతుందో రాయాలి. నీ వ్యాసం నిండా టాక్సాయిడ్ (హాని చేసే గుణం తీసేసిన విషం) అన్న మాటే ఉంది గానీ ఫార్మలిన్, అంటే ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్లు, ఒక్కసారి కూడా లేదు. అది లేకుండా టెటనస్ టాక్సాయిడ్ అనే టీటీలోని ఆ రెండో టీ ఎక్కడి నుంచి వచ్చింది?

ధనుర్వాతం క్రిమిని గాలి తగలకుండా పెంచుతారు. అది విడిచిన విషాన్ని వడకట్టి తీసి, ఫార్మలిన్ కలిపి, ఇంచుమించు మన ఒంటి వేడి దగ్గర వారాల తరబడి ఉంచుతారు. విషమంటే ఇక్కడ ఒక ప్రోటీన్. ఫార్మలిన్ దాన్ని అక్కడక్కడా పట్టి బిగించేస్తుంది. ఇక అది నరాల్లోకి పోయి కండరాలను కొయ్యబార్చలేదు. పై రూపం మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది కాబట్టి మన ఒళ్లు దాన్ని గుర్తుపట్టి, విషాన్ని పట్టి ఆపే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. తల్లికి వేస్తే ఆ యాంటీబాడీలు మాయ గుండా కడుపులో బిడ్డకీ చేరతాయి. మీ నాయనమ్మ బిడ్డకి అందనిది ఇదే. పేరాల మధ్య ఈ ముడి వెయ్యకుండా ఎలా వదిలేశావు?

ఫార్మలిన్ పేరెత్తితే పాఠకులు భయపడతారనుకోకు. తర్వాత శుద్ధి చేసి తీసేస్తారు, మిగిలేది అతి స్వల్పం. అసలు ఫార్మాల్డిహైడ్ మన ఒంట్లో మామూలుగానే కొంత తయారవుతూ ఉంటుంది. ఇదంతా రాస్తే భయం పోతుంది, దాచిపెడితేనే పెరుగుతుంది.

దీని గురించి నేను మొదట రాసిన రోజుల్లో, ఫార్మలిన్ వాసన తెలియకుండా రాయకూడదని ఒక కాలేజీ జువాలజీ ల్యాబ్‌కి వెళ్లాను. అటెండర్ కప్పను నిలవ చేసిన జాడీ మూత కొంచెం జరిపాడు. ముక్కులో మంట, కళ్లలో నీళ్లు. రాత్రికి కూర్చుని రాశాను. ఆదివారం అనుబంధంలో చూస్తే ఆ పేరా మొత్తం లేదు. పాఠకులకు అర్థం కాదట! దాని బదులు "శాస్త్రవేత్తలు విషాన్నే అమృతంగా మార్చారు" అని వేసుకున్నారు. ఆ సబ్ ఎడిటర్ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. డబ్బా మీద కొలత చూసి పురుగుమందు కలుపుకునే రైతుకి ఇది అర్థం కాదా? ఇప్పుడు ఇంకో జబ్బు పట్టుకుంది, ప్రతి వ్యాసానికీ పక్కన అయిదు పాయింట్ల బాక్స్. అడిగితే ఇవ్వకు.

విషాన్ని ఫార్మలిన్‌తో ఇలా మార్చే పని మొదట కంఠసర్పి (డిఫ్తీరియా) విషంతో జరిగింది. 1923లో ఫ్రాన్స్‌లో, పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో, గాస్తోన్ రామోన్ అనే పశువైద్యుడు చేశాడు. ఆయన పెట్టిన పేరు అనాటాక్సిన్. టాక్సాయిడ్ అన్న మాట అంతకు ముందే జర్మనీలో పాల్ ఎర్లిక్ వాడాడు. నువ్వు ఇద్దర్నీ కలిపేశావు, సరిచెయ్యి.

"కోరలు పీకిన పాము" అన్న పోలిక కూడా తీసెయ్. పాముకి కోరలు మళ్లీ మొలుస్తాయి. టాక్సాయిడ్‌కి విషం తిరిగి రాకూడదు. వస్తుందేమోననే గినీ పిగ్‌లకు ఎక్కించి పరీక్షించి మరీ బయటికి పంపిస్తారు.

డీపీటీ మొత్తం టాక్సాయిడే అన్నావు. డీ (కంఠసర్పి), టీ (ధనుర్వాతం) మాత్రమే టాక్సాయిడ్లు. మన సర్కారు దవాఖానాల్లో వేసే దాంట్లో పీ, అంటే కోరింత దగ్గుది, చంపిన క్రిమి. గాయమయ్యాక టీటీ వేస్తే లోపలున్న విషం విరిగిపోతుందనడం కూడా తప్పే. విషాన్ని అప్పటికప్పుడు పట్టేది ఇమ్యూనోగ్లోబులిన్, అంటే ముందే తయారై ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్. టాక్సాయిడ్ పని మొదలవడానికి రోజులు పడుతుంది. ఎప్పుడూ టీకా వేయించుకోని మనిషికి మట్టిపట్టిన లోతు గాయమైతే డాక్టర్లు రెండూ ఇస్తారు. ముఖం మీద ముడతలకు వేసే బొటాక్స్ పేరా అయితే పూర్తిగా కొట్టెయ్. అందులో ఉన్నది అతి తక్కువ మోతాదులో బొట్యులినమ్ అనే ఇంకో క్రిమి అసలు విషమే, ఫార్మలిన్ పట్టినది కాదు.

బాలింతల్లో, పసికందుల్లో ధనుర్వాతం మన దేశంలో 2015 నాటికి అదుపులోకి వచ్చింది. ప్రతి జిల్లాలోనూ వెయ్యి కాన్పులకి ఒక్క పసిబిడ్డ కేసు కన్నా తక్కువ ఉండాలన్నది అందుకు పెట్టుకున్న కొలత. దాన్ని పట్టుకుని "ఇక ఆ జబ్బు లేదు" అని రాశావు. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. దాన్ని ఎవరు ఊడ్చెయ్యగలరు? 2019 నుంచి గర్భిణులకు టీటీ బదులు టీడీ వేస్తున్నారు, కంఠసర్పి టాక్సాయిడ్ కూడా కలిపి. అది నీ వ్యాసంలో లేదు.

చివర్లో కరోనా మీద రాసిన పేరాకి ఈ విషయంతో సంబంధం లేదు. ఆ జాగాలో హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ల టైఫాయిడ్ కాంజుగేట్ టీకా గురించి రాయి. టైఫాయిడ్ క్రిమి పైన ఉండే చక్కెర గొలుసును ఒక్కదాన్నే ఇస్తే పసిపిల్లల ఒళ్లు సరిగ్గా స్పందించదు. అందుకని దాన్ని టెటనస్ టాక్సాయిడ్‌కి తగిలించారు. ఎలా తగిలిస్తారో మైక్రోబయాలజీ చెప్పే మాస్టారినెవరినైనా అడిగి తెలుసుకుని, అది కూడా రాసి, పండగలోపు పంపు.

ఆశీస్సులతో.