ఉప్పులేని సముద్రం దగ్గర రెండు రోజులు

ప్రశ్న: మేం చికాగోలో ఉంటాం. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి నెల దాటింది, ఇంట్లో కూర్చుని విసుగొస్తోందంటున్నారు. జులైలో ఒక శని, ఆదివారాలు మిషిగన్‌లో సరస్సు ఒడ్డునున్న సాగటక్ ఊరికి తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్న సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనిషి, "చెరువు చూడ్డానికి అంత దూరం ఎందుకే" అని తీసిపారేస్తున్నారు. పైగా మోకాళ్ల నొప్పులు. పాపకి ఆరేళ్లు, నీళ్లు కనిపిస్తే ఆగదు. బీచ్‌లో రెండు గంటలు కూర్చున్నాక ఇంకేం చేయాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: నాన్నగారితో ఇప్పుడు వాదన పెట్టుకోకండి, సాగటక్‌లోని ఓవల్ బీచ్‌లో కారు దిగాక ఆయనే ఒప్పుకుంటారు. మిషిగన్ సరస్సు 300 మైళ్లకు పైగా పొడవు, బాగా వెడల్పున్న చోట 118 మైళ్లు. అవతలి గట్టు కనపడదు, అలలుంటాయి, ఇసుకుంటుంది. లేనివల్లా ఉప్పు, చేపల వాసన, ఆటుపోట్లు. చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకుని, పెదాలు తడిమి చూసుకుని "నిజంగానే ఉప్పు లేదే" అనని మనవాళ్లని నేనింతవరకు చూడలేదు.

అయితే ఆ చప్పటి నీళ్లే మనల్ని మోసం చేస్తాయి. సముద్రపు నీటికంటే మంచినీళ్లు తేలిక కాబట్టి అందులో మనిషి అంత సులువుగా తేలడు, సముద్రంలో ఈదిన అలవాటున్నవాళ్లు ఇక్కడ తొందరగా అలిసిపోతారు. చాలా బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరు. అందుకని కారు దిగగానే మొదట చూడాల్సింది జెండా. పచ్చదైతే సరే, పసుపైతే పాప మోకాలి లోతు దాటకూడదు, ఎరుపైతే ఇసుకలో గూళ్లు కట్టుకోవడమే. స్టేట్ పార్కుల్లో రెండు ఎర్ర జెండాలు కలిపి ఎగరేస్తే నీళ్లలో దిగడమే నిషేధం. ఇంకోటి, నిన్న వెచ్చగా ఉన్నాయి కదా అని ఇవాళ ధీమాగా దూకకండి. ఉత్తరపు గాలి ఒకటి రెండు రోజులు గట్టిగా వీస్తే పైన ఉన్న వెచ్చటి నీళ్లు లోపలికి జరిగి, అడుగున ఉన్న చల్లటి నీళ్లు ఒడ్డుకొస్తాయి, జులైలో కూడా ఐసు నీళ్లలో కాలు పెట్టినట్టుంటుంది.

ఇక బీచ్ తర్వాత సంగతి. నన్నడిగితే సాగటక్‌లో అన్నిటికంటే ముచ్చటైనది కలమజూ నది దాటించే గొలుసు పడవ. నది అడుగున గొలుసు వేసి ఉంటుంది, పడవలో మనిషి చేత్తో చక్రం తిప్పుతుంటే ఆ గొలుసు పట్టుకుని పడవ అవతలికి పాకుతుంది. మోటారు లేదు, ఐదు నిమిషాల ప్రయాణం. కార్లు ఎక్కవు, మనుషులూ సైకిళ్లే. పాప ఈ పడవని బీచ్ కంటే ఎక్కువ రోజులు గుర్తుపెట్టుకుంటుందని నా నమ్మకం. అవతల దిగితే మౌంట్ బాల్డ్‌హెడ్ అనే ఇసుక కొండ, 300కి పైగా మెట్లు. నాన్నగారు కిందే ఉండాలి, దీని మీద బేరాల్లేవు. మీరూ పాపా ఎక్కండి, పైనుంచి ఊరూ నదీ కనిపిస్తాయి.

నాన్నగారికి, అమ్మగారికి నది మీద తిరిగే పాడిల్‌వీల్ బోటు (పెద్ద చక్రంతో నీళ్లు తోసుకుంటూ పోయే పడవ) బాగుంటుంది, కూర్చుని చూడొచ్చు, గాలి అనుకూలిస్తే సరస్సులోకి కూడా తీసుకెళ్తారు. ఇసుక తిన్నెల మీద జీపు లాంటి బండిలో తిప్పే డ్యూన్ రైడ్ పాపకి పండగే కానీ కుదుపులు మామూలుగా ఉండవు, మోకాళ్లు నడుములు బాగున్నవాళ్లకే.

సాయంత్రం ఊళ్లో నడిచేటప్పుడు మున్సిపల్ ఆఫీసు దగ్గర సింగపూర్ పేరుతో ఒక బోర్డు ఉంటుంది, ఆగి చదివి వినిపించండి. ఆ సింగపూర్ కాదు. 1830లలో నది సరస్సులో కలిసే చోట పుట్టిన ఊరు అది, కలపే దాని జీవనాధారం. 1871 అక్టోబరులో చికాగో తగలబడింది, దగ్గర్లోని హాలండ్ అనే ఊరు కూడా అదే సమయంలో కాలిపోయింది. వాటిని మళ్లీ కట్టడానికి ఇక్కడి అడవిని నరికి పంపారు. చెట్లు పోయాక ఇసుకని ఆపేదేముంది, గాలికి తిన్నెలు కదిలొచ్చి నాలుగైదేళ్లలో ఊరిని కప్పేశాయి. ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేదు, బోర్డు తప్ప. మీరు చికాగో వాళ్లు కదా, మీ ఊరికి కలప పంపి ఈ ఊరు మునిగిపోయిందని చెబితే నాన్నగారు ఇంక చెరువు అనరు.

చిన్న చిన్న విషయాలు: చికాగో నుంచి 140 మైళ్లు. అక్కడ గడియారం గంట ముందుంటుంది, కాబట్టి వెళ్లేటప్పుడు ఒక గంట పోతుంది. కానీ సూర్యాస్తమయం సరస్సు మీదే, అదీ రాత్రి తొమ్మిది దాటాక, పాపకి మధ్యాహ్నం కాసేపు కునుకు తీయించండి. ఓవల్ బీచ్ పార్కింగ్ వారాంతాల్లో పొద్దున్నే నిండిపోతుంది. ఇసుకలో స్ట్రోలర్లూ చక్రాల సూట్‌కేసులూ కదలవు. కొన్ని రోజుల్లో మామూలు ఈగల్లాగే ఉండే కుట్టే ఈగలు వస్తాయి, సరిగ్గా చీలమండల్నే పట్టుకుంటాయి, రిపెల్లెంట్‌కి పెద్దగా లొంగవు. సాక్సులు వేసుకోండి, అందం తర్వాత.

ప్రశ్న: నలుగురు ఫ్రెండ్స్‌మి మిషిగన్ సరస్సు ఒడ్డునే ఉన్న సౌత్ హేవెన్ వెళ్తున్నాం. ఎర్ర లైట్‌హౌస్ దగ్గర పియర్ (నీళ్లలోకి పొడుగ్గా కట్టిన గట్టు) మీద నుంచి నీళ్లలోకి దూకే వీడియోలు చూశాం. మాకు ఈత బాగా వచ్చు. దూకొచ్చా?

జవాబు: వద్దు. ఈతకి దీనికి సంబంధం లేదు నాయనా. అలలు పియర్ గోడకి కొట్టుకున్నాక గోడ వెంబడే లోపలికి లాగే ప్రవాహం పుడుతుంది, పట్టుకోవడానికి అంచు అందదు, గోడకేసి కొడుతుంది. బీచ్‌లో ఎప్పుడైనా అలాంటి లాగుడులో పడితే ఒడ్డుకి ఎదురీదకండి. వెల్లకిలా తిరిగి తేలుతూ, ఎటు లాగుతోందో చూసుకుని, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. లైట్‌హౌస్ దాకా నడవండి, ఫొటోలు దిగండి, అదీ అలలు పియర్ మీదికి ఎగరని రోజున. జులై, ఆగస్టుల్లో వెళ్తే ఆ చుట్టుపక్కల తోటల్లో మనమే బ్లూబెర్రీలు కోసుకోవచ్చు, ఊరికి అవే పేరు తెచ్చాయి.

ప్రశ్న: మాకు సెలవు అక్టోబరులోనే దొరికింది. అప్పుడు సాగటక్, సౌత్ హేవెన్ లాంటి సరస్సు ఒడ్డు ఊళ్లకి వెళ్తే వేస్టా?

జవాబు: ఈతకైతే వేస్టే. నడకకి మాత్రం అదే మంచి సమయం. సాగటక్ డ్యూన్స్ స్టేట్ పార్కులో అడవిలోంచి ఇసుక దారిన నడిచి బీచ్ చేరాలి, రంగులు మారిన ఆకులు, జనం లేని రెండున్నర మైళ్ల తీరం. యాపిల్ తోటలు కూడా అప్పుడే కళకళలాడుతుంటాయి. గొలుసు పడవ వేసవికే పరిమితం అనుకుని కారులో చుట్టూ తిరిగి వెళ్లడానికి సిద్ధపడండి. గాలి ఎక్కువున్న రోజున అలలు చూడాలనిపిస్తే దూరం నుంచి, మందపాటి జాకెట్ వేసుకుని చూడండి.