ఒడిశాలోని పర్లాకిమిడిలో పెరిగే తెలుగు పిల్లలకు బొమ్మల కవితలతో పిట్టల పేర్లు నేర్పొచ్చా?

బడిలో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మరి పిట్టల పేర్లు ఎలా వస్తాయని మీ సందేహం. బొమ్మల కవితలతో తప్పకుండా నేర్పొచ్చు.

ఈ బెంగ మనకే కాదు. 2007లో ఆక్స్‌ఫర్డ్ వారి పిల్లల నిఘంటువు లకుముకి పిట్ట, నీటికుక్క లాంటి ప్రాణుల పేర్లు తీసేసి బ్రాడ్‌బ్యాండ్ వంటి మాటలు చేర్చింది. దానికి జవాబన్నట్టు 2017లో బ్రిటన్‌లో ఒక బొమ్మల కవితల పుస్తకం వచ్చింది. అందులోని కవితల్లో మొదటి అక్షరాలు కలిపితే ఆ ప్రాణి పేరు తేలుతుంది.

ఈ కిటుకు తెలుగుకి ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే మన ఒక్కో అక్షరం నోటితో పలికే ఒక్కో ముక్క. లకుముకికి నాలుగు పంక్తులు చాలు:

లటుక్కున దూకింది
కునుకు తీసే చేప మీద
ముక్కున కరిచి లేచింది
కిలకిల నవ్వింది ఏరు

గిజిగాడు కూడా నాలుగే. ముందు మహేంద్రతనయ నది గట్టున పిట్టను చూపించండి, బొమ్మ పిల్లలతోనే వేయించండి, కవిత ఆ తర్వాత. చూడని పిట్ట మీద కవిత బట్టీ పట్టిస్తే అది ఇంకో హోంవర్క్ అవుతుంది, అంతే. ఆరుద్ర పురుగుకైతే జూన్‌లో తొలి వానలు పడేదాకా ఆగాలి. అమ్మమ్మ వేరే పేరు చెబితే దాన్నే రాయించండి, పక్కన ఒడియా పేరు కూడా. బొమ్మ వంకరగా ఉన్నా దిద్దకండి.