పురుగు అంటే తప్పా?

సందేహం: మా అబ్బాయి గాజు పెట్టెలో చిన్న తోట పెంచుతున్నాడు. రాలిన ఆకులు, బూజు తినడానికని అందులో ఐసోపాడ్‌లనే చిన్న ప్రాణులను వదిలాడు. నేను వాటిని ‘పురుగులు’ అంటే, అవి పురుగులు కావు, రొయ్యల చుట్టాలు అని కొట్టిపారేస్తున్నాడు. తెలుగులో ‘సమపాద కీటకాలు’ అనవచ్చా? వాటిని ‘క్లీనప్ క్రూ’ అంటారట. ‘పారిశుధ్య సిబ్బంది’ అంటే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అబ్బాయి చెప్పిన చుట్టరికం నిజమే. ఐసోపాడ్‌లు రొయ్యలకూ పీతలకూ దగ్గరివి. పొట్ట కింద మొప్పల్లాంటి అవయవాలతో ఊపిరి తీస్తాయి కనుకే పెట్టెలో తడి ఆరకూడదు. అంతమాత్రాన అమ్మ వాటిని ‘పురుగులు’ అనకూడదంటే నేను ఒప్పుకోను.

పురుగు చాలా పాత మాట. పాత రూపం పురువు. నగు–నవ్వు, పగడం–పవడం చూడండి, గకార వకారాలు ఇలా ఒకదాని చోట ఒకటి రావడం మనకు మామూలే. తమిళ మలయాళాల్లో ఇది పుఴు. కన్నడంలో, పాలు హాలైనట్టే, హుళు అయింది. నాలుక మడిచి పలికే ఆ ‘ఴ’ మన పాత శాసనాల్లోనూ ఉంది. తర్వాత కొన్ని మాటల్లో డకారంగా, కొన్నింట్లో రకారంగా మారింది. తమిళుల కోఴి మనకు కోడి, వాళ్ల పుఴు మనకు పురువు.

ఇన్ని వందల ఏళ్లలో ఈ మాటను వాడినవాళ్లెవరూ కాళ్లు లెక్కపెట్టలేదు. నులిపురుగుకు కాళ్లే లేవు. మిణుగురు పురుగుకు ఆరు. తొలకరిలో ఎర్రమఖమల్ చుట్టుకొని వచ్చే ఆరుద్ర పురుగుకు ఎనిమిది, అది సాలీడు వైపు బంధువు. ఇక పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తరు. ‘పురుగు ముట్టింది’ అంటే పాము కరిచిందని అర్థం. తమాషా ఏమిటంటే, పామును పురుగన్న ఆ నోళ్లే గాలానికి గుచ్చే ఎర్రను వానపాము అన్నాయి! ఇంతమందికి చోటిచ్చిన మాట పద్నాలుగు కాళ్ల ప్రాణికి ఇవ్వదా?

చిక్కల్లా ‘కీటకం’తోనే. సంస్కృతంలో కీటమూ పురుగంత విశాలమైనదే, తుమ్మెదనే తలచుకుంటూ పురుగు తుమ్మెదైపోతుందనే భ్రమరకీట న్యాయం విన్నారు కదా. కానీ మన పాఠ్యపుస్తకాలు దానికి ఆరు కాళ్లు బిగించేశాయి. కనుక ‘సమపాద కీటకం’ కుదరదు. ‘సమపాది’ అంటారా, ఐసోపాడ్ అన్న గ్రీకు మాటకు అది సరైన అనువాదమే. ఏడు జతల కాళ్లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయని వాటికి ఆ పేరు. నాకు మాత్రం అది వినగానే పద్యపాదాలు గుర్తొస్తున్నాయి. ప్రతి ఇంగ్లీషు మాటకూ రాత్రికి రాత్రి ఒక సంస్కృత సమాసం కుట్టి తొడగాలన్న ఆత్రం మనకెందుకో! ముట్టుకుంటే గుండ్రంగా చుట్టుకునే రకాన్ని ‘ఉండపురుగు’ అనవచ్చేమో. అయితే పేడను ఉండలు చేసే పేడపురుగుతో కలిసిపోయే ప్రమాదం ఉంది, పైగా చుట్టుకోని రకాలూ ఉన్నాయి. అందుకని గట్టిగా చెప్పను. ఐసోపాడ్ అన్నా భాషకు వచ్చే నష్టం లేదు.

‘క్లీనప్ క్రూ’ అన్నది సరదా మాట. దాన్ని మునిసిపల్ ఆఫీసు భాషలోకి దించడం దేనికి? ‘చెత్త తినే పురుగులు’ అంటే పని తెలుస్తుంది. సిబ్బంది అంటే ఒకప్పుడు శిస్తు వసూళ్లకు పెట్టుకున్న బంట్లు, పారశీకం నుంచి వచ్చిన మాట. వాడాలనిపిస్తే వాడుకోండి. ‘పారిశుధ్యం’ మాత్రం దిద్దుకోండి. పరిశుద్ధం నుంచి పుట్టింది కనుక పారిశుద్ధ్యం. ‘ద్ధ’ అలాగే ఉండాలి, దాని కింద యవత్తు రావాలి. పత్రికల్లో రోజూ తప్పుగా చూసి చూసి, మీరూ అలాగే రాశారు.