రెండుసార్లు పడిన మందు మూడోసారి ఎందుకు పడలేదు?

సందేహం: మా గేదెకు పొదుగువాపు వస్తే పెన్సిలిన్ సూది వేయించాం. పది నిమిషాలైనా కాకముందే కనురెప్పలు, మూతి వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆయాసంతో కూలబడింది. పశువైద్యుడు అక్కడే ఉండి అడ్రినలిన్ వేయడంతో బతికింది. ఇదే మందు గతంలో రెండుసార్లు వేసినా ఏమీ కాలేదు. మందు పాడైందా? మోతాదు ఎక్కువైందా? – ఒక పాడి రైతు

సమాధానం: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే రెండూ కావు. ఆ రెండుసార్లు ఏమీ కాలేదన్నారు కదా, అసలు సంగతి అక్కడే మొదలైంది.

పెన్సిలిన్ అణువు చాలా చిన్నది. విడిగా ఉంటే రోగనిరోధక వ్యవస్థ దాన్ని లెక్కచేయదు. కానీ అందులోని బీటా-లాక్టమ్ వలయం తెరుచుకుని ఒంట్లోని మాంసకృత్తులకు అతుక్కుంటుంది. ఆ జంటను శరీరం పరాయిదిగా భావిస్తే ఐజీఈ అనే యాంటీబాడీలు తయారవుతాయి. అవి వెళ్లి అలర్జీ రసాయనాలను నింపుకుని ఉండే మాస్ట్ కణాల మీద కూర్చుంటాయి. అప్పటికి పైకి ఏమీ కనిపించదు, పశువు మామూలుగానే మేస్తుంది. మళ్లీ అదే మందు పడితే, మాంసకృత్తులకు అతుక్కున్న ఆ అణువులు పక్కపక్కనున్న ఐజీఈలను ముడివేస్తాయి. వెంటనే మాస్ట్ కణం తనలో దాచుకున్న రసాయనాలన్నిటినీ ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. రక్తనాళాలు సడలి వాటిలోని నీరు బయటికి ఊరుతుంది, వాపు అదే. రక్తపోటు పడిపోతుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి.

మనుషుల్లో ఈ రసాయనాల్లో హిస్టమిన్ పేరే ఎక్కువగా వింటాం. ఆవు జాతి పశువుల్లో మాత్రం సెరటోనిన్, ల్యూకోట్రైన్ల పాత్ర పెద్దది, ప్రధానంగా దెబ్బ తగిలేది ఊపిరితిత్తులకు. అందుకే హిస్టమిన్‌ను అడ్డుకునే అలర్జీ సూది ఒక్కటే వేసి కూర్చుంటే పశువు దక్కకపోవచ్చు. రక్తనాళాలను బిగించి, శ్వాసనాళాలను సడలించేది అడ్రినలిన్. మీ వైద్యుడు సరైన పనే చేశారు.

సూది వేయగానే పశువు పడిపోయిన ప్రతిసారీ అలర్జీ అనుకోవద్దు. ప్రొకైన్ పెన్సిలిన్ కండకు బదులు పొరపాటున రక్తనాళంలోకి పోతే పశువు బెదిరి, వణికి పడిపోవచ్చు. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను నరానికి వేగంగా ఎక్కించినా కూలిపోవచ్చు. వీటిలో దద్దుర్లు, మూతి వాపు సాధారణంగా ఉండవు. మీ గేదెకు ఉన్నాయి.

ఇక పెన్సిలిన్ ఒక్కటే మానితే చాలదు. యాంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లాక్సాసిలిన్ కూడా అదే కుటుంబం. సెఫలోస్పోరిన్‌లు అనే మరో రకం యాంటీబయాటిక్‌లలోనూ బీటా-లాక్టమ్ వలయం ఉంటుంది కాబట్టి వాటి సంగతి వైద్యుడు ఆలోచించి తేల్చాలి. కొద్దిగా వేసి చూద్దామనే ప్రయోగం అసలే వద్దు, ఈ అలర్జీకి కొద్దిపాటి మందు కూడా చాలు. ఈ విషయం గేదె ఆరోగ్య కార్డులో రాయించండి. చాలామంది మరిచిపోయేది చనుకట్లలోకి ఎక్కించే ట్యూబులను. వట్టిపోయే ముందు వేసే వాటిలో క్లాక్సాసిలిన్ తరచుగా ఉంటుంది. పైన కంపెనీ పెట్టిన పేరు ఏదైనా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివాకే మూత తీయండి.