పక్షవాతం వచ్చినాక కళ్ళు పైకీ కిందికీ మాత్రమే కదులుతున్న మా మామగారికి తెలివి ఉన్నట్టేనా?

చెప్పినప్పుడు కదిలితే ఉన్నట్టే. ముందు మీ మామగారి మంచం పక్కన ఖర్చుల లెక్కలు మాట్లాడటం ఆపండి. ఆయన వింటూ ఉండొచ్చు.

మాది తాడిపత్రి పక్కన పల్లె. మా నాయనకు మెదడు కాండానికి పోయే రక్తనాళం పూడుకుపోతే కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేర్చినాం. డాక్టరు రోజూ వచ్చి వేలు కుడికీ ఎడమకీ ఆడించేది, కళ్ళు తిరగకపోతే స్పృహ లేదని రాసుకొని పోయేది. నాలుగు రోజులు ఇదే వరస. ఐదోరోజు అమ్మ ఆయన తల వెనక నిలబడి పిలిస్తే కళ్ళు అమాంతం పైకి లేచినాయి. మళ్ళీ పిలిస్తే మళ్ళీ లేచినాయి.

పక్కలకు చూపు తిప్పే కేంద్రం మెదడు కాండం మధ్యభాగమైన పాన్స్‌లో ఉంటుంది. పైకీ కిందికీ తిప్పేది దానికి పైన, మిడ్‌బ్రెయిన్‌లో. పాన్స్ ముందుభాగం చెడితే కాళ్ళూ చేతులూ నోరూ పడిపోతాయి, చూపు పక్కలకు పోదు. మిడ్‌బ్రెయిన్ బాగుంటే పైచూపు, రెప్పలు మిగులుతాయి. తెలివీ మిగులుతుంది. దీనికి 1966లోనే ప్లమ్, పోస్నర్ అనే డాక్టర్లు లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అని పేరు పెట్టినారు. అయినా వేలు పైకెత్తి చూపించేదానికి ఎవరికీ చెయ్యి రాలేదు! నా ఉద్దేశంలో అది సోమరితనమే.

అవునంటే పైకి చూడమన్నాం, కాదంటే కిందికి. ఆ రాత్రి నేను అక్షరాల వరసలు చదవడం మొదలుపెట్టినాను. 'క' వరస దగ్గర కళ్ళు కదల్లేదు. 'చ' అనగానే పైకి పోయినాయి. తర్వాత 'వ' దగ్గర. చ, వ. అమ్మ "చావు అడుగుతున్నాడే" అని గోడకు ఆనుకొని కూలబడింది. మా చిన్నాయన బయటికి పోయినాడు. నాకూ కాళ్ళు వణికినాయి. అయినా ఎందుకో గుణింతం చదివినాను. 'చా' అంటే చూపు కిందికి. చి, చు కూడా కాదు. 'చె' అంటే పైకి. తర్వాత 'వి'.

చెవి! తల ఎత్తి చూస్తే ఎడమ చెవి దిండు కింద మడతపడి, కందిపోయి, అంచు నల్లబడి ఉంది. పొద్దున పక్కకు తిప్పినప్పటి నుంచి అట్లనే ఉన్నట్టుంది. సరిచేస్తే ఆయన కళ్ళలో నీళ్ళు కారినాయి.

చూడవచ్చిన చుట్టాలంతా ఆయన ముందరే "ఇంకెన్నాళ్ళులే" అన్నారు. నాటుమందుకు తీసుకుపొమ్మని పోరినవాళ్ళూ ఉన్నారు. ఒక్కరైనా ఆయన్ను పేరు పెట్టి పలకరించలేదు. అది నాకు ఇప్పటికీ మండుతుంది.

ఈ పూటే మీ మామగారిని పైకి చూడమని అడగండి. జవాబుకు టైమివ్వండి, ఆయనకు అలుపొస్తుంది. అక్షరాలు చదివేటప్పుడు గుణింతం మాత్రం వదలొద్దు.