పగడపు దిబ్బలకు గ్రాంటు ఇవ్వాల్సిందే, కానీ ఏ నెలలో?

కడప, అనంతపురం చెరువుల్లో పూడిక తీయించడానికే డబ్బు లేనప్పుడు ఎక్కడో సముద్రంలో ఉన్న పగడపు దిబ్బలకు ప్రభుత్వం గ్రాంట్లు ఇవ్వడం న్యాయమేనా అని మీలో కొందరు అడిగారు. నాది కడప జిల్లా వేంపల్లె. ప్రభుత్వ గ్రాంటుతో తమిళనాడులో తూత్తుకుడి దగ్గర మన్నార్ సింధుశాఖలో నడిచిన పగడాల పునరుద్ధరణ పనిలో మూడేళ్లు సహాయకుడిగా ఉన్నాను. న్యాయమే అంటాను. ఇంకా ఎక్కువ ఇవ్వాలంటాను. నా కోపమల్లా ఆ డబ్బు చేతికందే నెల మీద.

సిమెంటు ఫ్రేములకు పగడపు కొమ్మల ముక్కలు కట్టి నీళ్ల అడుగున అమర్చడం మా పని. నైరుతి గాలులు మొదలయ్యాయంటే అక్కడ నీళ్లు బురదగా కలగిపోయి చాచిన చెయ్యి కూడా కనబడదు. జనవరి నుంచి ఏప్రిల్ లోపు చేసిందే పని. మొదటి విడత గ్రాంటు మాకు అందింది మార్చి ఆఖరి వారంలో!

2016 వేసవి నేను మరిచిపోలేనిది. రెండో విడత రావాలంటే మొదటి విడతకు వినియోగ ధ్రువపత్రం, అంటే ఆ డబ్బు ఎలా ఖర్చయిందో చూపే కాగితం పంపాలి. పంపాం. పడవ అద్దెకు అచ్చు బిల్లులు లేవని కాగితాలు వెనక్కి వచ్చాయి. పడవ ఒక జాలరిది. ఆయనకు బిల్లు పుస్తకం ఎక్కడి నుంచి వస్తుంది? నోటు పుస్తకంలోంచి చించిన కాగితం మీద తమిళంలో రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి ఇచ్చేవాడు. అంతకంటే నిజమైన రసీదు నేను చూడలేదు. మూడు వారాలు ఒడ్డునే కూర్చున్నాం. చివరికి ఒక సాయంత్రం ఆయనే మా గదికి వచ్చాడు.

"తంబీ, నీళ్లు కాలుతున్నాయి. వల లాగుతుంటేనే చేతికి తెలుస్తోంది. డబ్బు వచ్చినప్పుడు ఇవ్వండి, రేపు వెళ్దాం."

"డీజిలు ఎవరు పోయిస్తారు అణ్ణా?" అన్నాను. బదులు చెప్పలేదు. తెల్లవారుజామున పడవ సిద్ధంగా ఉంది.

దిగి చూస్తే మేము కట్టిన ముక్కలన్నీ తెల్లబడిపోయి ఉన్నాయి, కొత్తగా సున్నం కొట్టిన గోడల్లా. నీటి వేడి 32 డిగ్రీలు. తెల్లబడితే చచ్చిపోయినట్టు కాదు. పగడంలోనే ఉండి దానికి తిండి పెట్టే సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడనంత చిన్న నాచు) వేడికి తాళలేక దాన్ని వదిలిపోతాయి. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. ఫ్రేములను కాస్త లోతుకు జరిపితే కొన్నయినా దక్కేవని ఇప్పటికీ నా నమ్మకం. దానికి నాలుగు రోజులు పడవ, ఇద్దరు ఈతగాళ్లు చాలు. అన్ని రోజులూ ఆయన డీజిలుతోనే తిరగమని ఏ ముఖంతో అడుగుతాం? డబ్బు ఆగస్టులో వచ్చింది. సముద్రం కుదుటపడ్డాక వెళ్తే ఫ్రేముల మీద నాచు పేరుకుని ఉంది. ఏ కొమ్మ మేము కట్టిందో కూడా గుర్తుపట్టలేకపోయాం.

ఇంకో బాధ. ఊరికి వచ్చినప్పుడల్లా బంధువులు కుజదోషానికి ఉంగరంలో పొదగడానికి పగడం తెచ్చావా అని అడిగేవారు. ఆ ఎర్ర పగడం మధ్యధరా వంటి సముద్రాల్లో పెరిగే వేరే జాతి. మా దిబ్బల పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చిన్న ముక్క తెచ్చినా నేరమే. చదువుకున్నవాళ్లకు కూడా ఇది తెలియకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

మన చెరువుకు కట్ట ఎలాగో మన్నార్ సింధుశాఖలోని దీవులకు పగడపు దిబ్బ అలాగ. కట్ట తవ్వుకుంటే ఏమవుతుందో రాయలసీమ వాళ్లకు ఒకరు చెప్పాలా? సున్నం కోసం ఏళ్ల తరబడి అక్కడ పగడాలు తవ్వేశారు. అలల దెబ్బ నేరుగా తగిలి 21 దీవుల్లో రెండు మునిగిపోయాయి. మిగిలినవాటిలో ఒకటైన వాన్ దీవి కోసుకుపోతుంటే 2015లో మొదలైన జాతీయ వాతావరణ అనుసరణ నిధి డబ్బుతో చుట్టూ కృత్రిమ దిబ్బలు దించారు. అదే నిధి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో తీర, మెట్ట ప్రాంతాల పాడి రంగానికీ మంజూరైంది. కాబట్టి సముద్రానికి ఇస్తే సీమకు తగ్గుతుందన్న లెక్కను నేను ఒప్పుకోను.

డబ్బు కుమ్మరిస్తే చాలనీ అనను. 2018లో ఆస్ట్రేలియా ప్రభుత్వం గ్రేట్ బారియర్ రీఫ్ అనే తన పగడపు దిబ్బల కోసం 44.3 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లను పోటీ దరఖాస్తులు పిలవకుండా, పట్టుమని పదిహేను మంది సిబ్బంది కూడా లేని ఒక ఫౌండేషన్‌కు ఇచ్చింది. జూన్ 30న ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా మొత్తం ఒకేసారి చెల్లించేసింది. తర్వాత అక్కడి ఆడిటర్లే లోపాలు ఎత్తిచూపారు. మనకైనా వాళ్లకైనా లెక్కల పుస్తకం మూసే తేదీయే ముఖ్యమైపోయింది. నివేదికల్లో మమ్మల్ని అడిగింది కూడా ఎన్ని ఫ్రేములు దించారనే. మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయని ఒక్కరూ అడగలేదు. గ్రాంటులో పదో వంతు అత్యవసర ఖర్చుగా ముందే ఇచ్చి, జాలరి చేతిరాత రసీదును ఒప్పుకుంటే సగం కష్టం తీరుతుంది.

మీరడిగిన పూడిక సంగతి. మా ఊరి చెరువుకు మంజూరు కాగితం ఒక ఏడాది అక్టోబరులో వచ్చింది. అప్పటికి చెరువులో నడుము లోతు నీళ్లున్నాయి.