చిన్న కేస్‌లో గేమింగ్ పీసీ మన ఎండలకు తట్టుకుంటుందా?

మీరు రెండు అడిగారు. మినీ ఐటీఎక్స్ అనే బుల్లి మదర్‌బోర్డుతో చిన్న గేమింగ్ పీసీ కట్టుకుంటే ఎండాకాలం వేడెక్కిపోతుందా, ప్రాసెసర్‌ని ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ పెట్టక తప్పదా అని. తట్టుకుంటుంది. లిక్విడ్ కూలర్ అక్కర్లేదు. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మా తమ్ముడి పీసీ పుణ్యమా అని ఒక వేసవంతా నాకు ఇదే పని.

వాడు విజయవాడలో అమ్మానాన్నల దగ్గర ఉంటాడు, నేను హైదరాబాద్‌లో. 2023 ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ చుట్టూ రెండు శనివారాలు తిరిగి వాడికోసం పార్టులు కొన్నాను. కేస్ కూలర్ మాస్టర్ ఎన్ఆర్200, 18 లీటర్ల చిల్లర. మనింట్లో నీళ్ళ క్యాన్ 20 లీటర్లు, దీని సైజు అంతకంటే తక్కువ. అందులో రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజు పవర్ సప్లై. బోర్డు దగ్గరే కడుపు మండింది. 17 సెంటీమీటర్ల చదరపు ముక్క, ర్యామ్ స్లాట్లు రెండే, కార్డు స్లాటు ఒకటే, అయినా పెద్ద బోర్డు కంటే ధర ఎక్కువ. తక్కువ ఇచ్చినందుకు ఎక్కువ తీసుకునే వ్యాపారం ఇదొక్కటేనేమో. ఒక షాపాయన అయితే "ఇంత చిన్నదెందుకు సార్, పెద్ద కేస్ తీసుకోండి, లైట్ల ఫ్యాన్లు నాలుగు ఫ్రీ" అని చివరిదాకా వదల్లేదు. చిన్నదెందుకంటే, కార్డు ఊడదీసి తువ్వాల్లో చుట్టి, కేస్‌ని ఒళ్ళో పెట్టుకుని రాత్రి బస్సెక్కాను. పెద్ద టవర్‌తో ఆ పని చేసి చూపించమనండి.

బయల్దేరే ముందు నా గదిలో రెండు గంటలు గేమ్ నడిపి చూశాను. ప్రాసెసర్ 66 డిగ్రీలు, కార్డు 70. శభాష్ అనుకున్నాను.

ఏప్రిల్ మూడో వారంలో ఫోను. "అన్నయ్యా, గేమ్ పట్టిపట్టి ఆడుతోంది." స్క్రీన్ ఫోటో పంపమంటే ప్రాసెసర్ 90 దగ్గర నిలబడి ఉంది. ఆ చిప్‌కి 90 హద్దు, అక్కడికి చేరితే తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది. కార్డు కూడా 83. ఇక నా డాక్టరీ మొదలైంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయా? తిరుగుతున్నాయి. కింద రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, పైన రెండు బయటికి, కాగితం ముక్క పెట్టి చూడు. చూశాడు, సరిగానే ఉన్నాయి. కింది ఫిల్టర్‌లో దుమ్ము? కొంచెం ఉంది, కడిగాడు. అయితే ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుందని కొత్తది కొరియర్ చేశాను. వాడు పక్క ప్యానెల్ విప్పి, కూలర్ తీసి, పాతది తుడిచి కొత్తది పెట్టాడు. మళ్ళీ 90. అయితే ప్రాసెసర్‌తో ఉచితంగా వచ్చిన కూలర్‌దే తప్పని తీర్మానించి నాలుగు వేలు పెట్టి ఇంకో కూలర్ ఆర్డర్ చేశాను. రెండు డిగ్రీలు తగ్గింది, అంతే.

మే నెలాఖరున నేనే వెళ్ళాను. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారే, సరిగ్గా ఆ రోజులు. గదిలోకి వెళ్ళి చూద్దును కదా, పీసీ మీద తెల్లటి క్రోషా గుడ్డ. నాలుగంచులా కుచ్చులు. ఒకప్పుడు మా డబ్బా టీవీ మీద ఉండేది, అదే గుడ్డ. వేడి గాలి బయటికి పోయే పై జాలీని నిండుగా కప్పేసి ఉంది.

"దుమ్ము పడదూ? అంత డబ్బు పోసి కొన్నారు" అంది అమ్మ.

తమ్ముణ్ణి అడిగితే "అదెప్పుడూ ఉండేదే కదా" అన్నాడు. పేస్ట్ మార్చిన రోజు కూడా ఆ గుడ్డ జాగ్రత్తగా మడతపెట్టి మంచం మీద పెట్టి, పనయ్యాక మళ్ళీ కప్పాడట. నేనేమో ఫోన్‌లో వోల్టేజీల గురించి అడుగుతున్నాను. పైన ఏముందిరా అని ఒక్కసారి కూడా అడగలేదు.

గుడ్డ తీసేస్తే ప్రాసెసర్ 81కి దిగింది. కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. ఫిబ్రవరిలో 66 ఉన్నది, పైగా కూలర్ మార్చాక కూడా, ఇప్పుడు 81 ఎందుకుండాలి? గోడకున్న థర్మామీటర్ చూశాను. రాత్రి ఎనిమిదింటికి 38. నా హైదరాబాద్ గదిలో ఆ రోజు 24. ఈ 14 డిగ్రీలు గదివి, పీసీవి కావు.

యూట్యూబ్ రివ్యూలతో నా గొడవ ఇదే. చలిదేశంలో, ఏసీ గదిలో, 21 డిగ్రీల దగ్గర కూర్చుని "ఈ కూలర్ 65 దాటనివ్వదు" అంటారు. మన గది ఎంత వేడిగా ఉంటే లెక్క అంత పైకి జరుగుతుంది. లిక్విడ్ కూలరైనా ఆ గది గాలితోనే కదా చల్లబడాలి, గది కంటే చల్లగా అవడం దానివల్ల కాదు. పైగా గేమ్ నడిచేటప్పుడు ఆ పీసీ 300 వాట్ల దాకా లాగుతుంది, లాగినదంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. తలుపులేసిన గదిలో పాతకాలం వంద వాట్ల బల్బులు మూడు వెలిగించి కూర్చున్నట్టు. నీళ్ళు చల్లే ఎయిర్ కూలర్‌ని పీసీ వైపు తిప్పుదామనుకునేరు, వద్దు. ఆ తేమకి లోపల తుప్పు, బోరు నీళ్ళయితే తెల్లటి ఉప్పు పొర.

అందుకని ముందు పీసీ పుట్టించే వేడి తగ్గించాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు వేగాన్ని 0.9 వోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్‌కి కట్టేశాను. 200 వాట్లు తాగేది 160కి దిగింది. గేమ్‌లో సెకనుకి వచ్చే ఫ్రేములు తగ్గాయా అంటే, వాడు కనిపెట్టలేకపోయాడు. ప్రాసెసర్‌కి బయాస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, కరెంటు తక్కువ తాగే ఎకో మోడ్ పెట్టాను. రెండింటికీ కలిపి అరగంట పని, ఖర్చు సున్నా. కొరియర్లకీ కూలర్‌కీ పెట్టిందంతా దండగ.

అసలు మందు మాత్రం మేడ మీద ఉంది. మాది పై అంతస్తు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాకా వేడి కక్కుతుంది, మా వాడు ఆడేది సరిగ్గా ఆ టైములోనే. మర్నాడే సున్నం తెప్పించి, జిగురు కలిపి, టెర్రస్ మీద రెండు పూతలు కొట్టించాం. తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాదే కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి తెచ్చింది, అందులో ఉన్నది కూడా ఈ తెల్ల పైకప్పు సంగతే. మన తాతలకి పాలసీ లేకుండానే తెలుసు. వారం తర్వాత గది 34, ప్రాసెసర్ 72. "మధ్యలో వాన పడిందిగా, అందుకే తగ్గింది" అంటాడు తమ్ముడు. వాడి మాట పట్టించుకోకండి.

క్రోషా గుడ్డ ఇప్పుడు యూపీఎస్ మీద ఉంది. దాని సంగతి అమ్మతో ఇంకా తేలలేదు.

మీరు పార్టుల లిస్టంతా పెట్టారు, కార్డు మోడల్‌తో సహా. మీ గది ఏ అంతస్తులో ఉందో మాత్రం రాయలేదు. అది చెప్పండి, కూలర్ సంగతి తర్వాత చూద్దాం.